నేను పళ్లెం కొట్టినప్పుడల్లా

మా ఇంటికి కుక్క వచ్చిన మొదటి ముప్పై అయిదు రోజులకు నా దగ్గర చార్టు ఉంది. ముప్పై నాలుగేళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేసినదాన్ని. ఇంట్లో దెబ్బ తగిలిన ప్రాణి ఉండి, దాని పేర ఒక కాగితం లేకపోతే నాకు తోచదు. రెండు వందల పేజీల నోట్‌బుక్కులో స్కేలు పెట్టి గీతలు గీసి ఆరు గడులు చేశాను. గంట, తిండి, నీళ్లు, మలమూత్రాలు, నిద్ర, విశేషాలు. ఆ చార్టులో ఒక్క అంకె కూడా తప్పు లేదు. తప్పు నేను చేసిన పనిలో ఉంది. దాని వల్ల ఒక పిల్లి కాలు విరిగింది, కుక్కకు ఇల్లు పోయేంత పనయింది.

జనవరి మూడో ఆదివారం మా తమ్ముడి చేను చూడటానికి పోయాను. బోధన్ దాటాక వాడికి నాలుగెకరాలుంది. ఆ వారమే ఆఖరి చెరకు కొట్టించి, ఇక మీదట వరి వేస్తానని నిర్ణయించుకున్నాడు. చెరకు లేకపోతే అడవిపందుల బెడద తగ్గుతుంది. పందుల బెడద తగ్గితే కావలి మనిషి అక్కరలేదు. అతను లెక్క తేల్చుకుని మంజీర అవతల తన ఊరికి వెళ్లిపోయాడు. అతను పెంచిన కుక్క మాత్రం మోటారు కొట్టం దగ్గర కట్టేసి ఉంది.

పొడుగు కాళ్లు, లోతైన ఛాతీ, పిడికిట్లో పట్టేంత నడుము. కందిపప్పు రంగు. కుడి భుజం మీద పంది కోర చీరిన గాయం. దాన్ని ఎవరో సంచులు కుట్టే దారంతో కుట్టారు. లెక్కపెట్టాను, ఏడు కుట్లు. అందులో మూడు చీము పట్టాయి.

"ఎవడు కుట్టిండురా గిది?" అన్నాను.

"కావలాయననే అక్కా. బస్తాలు మంచిగ కుడతడు," అన్నాడు తమ్ముడు.

"బస్తాకు చీము పట్టదు. పది దినాలు డ్రెస్సింగ్ చేసి పంపిస్త, బండి తియ్."

అట్లా నిజామాబాద్‌కు, నా ఇంటికి వచ్చింది. పది రోజులకని తెచ్చాను. ఎనిమిదో రోజుకే కుట్లన్నీ తీసేశాను. పదకొండో రోజు దాన్ని పంపించాల్సింది. ఆ ఉదయం నేను మోకాలి నొప్పితో మంచం మీద నుంచి లేవలేక కూర్చుంటే, అది వచ్చి తన పొడుగు మూతి నా మోకాలి మీద, సరిగ్గా నొప్పి ఉన్న చోట, ఆనించి నిలబడింది. తమ్ముడికి ఫోన్ చేసి, "ఇంకా మానలేదు," అని చెప్పాను. గాయం మానింది. నా ఉద్యోగకాలంలో రాయని అబద్ధం అది.

మూడో రోజే పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు చిన్నవాడు, ఓపికగలవాడు. "సగం కారవాన్ జాతి అమ్మా, మిగతా సగం వీధి. ఇవి వాసన పట్టి వెతికే కుక్కలు కావు. కంటితో చూసి తరిమే కుక్కలు. కదిలేది కనబడితే కాళ్లు ఆగవు. అట్లని దినమంతా తిరగాలని ఉండదు. రెండు నిమిషాలు ప్రాణం పెట్టి ఉరికితే చాలు, మిగతా పొద్దంతా పడుకుంటయి. తోలు పలచన, చలికి ఓర్వవు. మెత్తటి పక్క కావాలె. వెనక నుంచి ముట్టుకోవద్దు. పక్కటెముకలు మూడు కనబడాలె, అంతకన్నా బలిస్తే కీళ్లు పోతయి."

అన్నీ రాసుకున్నాను. ఎముకల మాట ఒక్కటే నమ్మలేదు. ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో ఎముకలు కనబడ్డ మనుషులందరూ ఆకలి మనుషులే. కుక్కకు వేరే శాస్త్రం ఉంటుందని నా మనసు ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో దీన్ని బలిపిస్తానని పట్టుబట్టాను.

మొదటి రోజు నుంచీ అది మర్యాదగల కుక్క. మొరగదు. చెప్పులు కొరకదు. తాడు పట్టుకుని పొద్దున రెండు వేల రెండు వందల అడుగులు నడిస్తే, నా కర్రతో సమానంగా అడుగు వేసేది. నేను ఆగితే ఆగేది. ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు. అది పక్కకు వాలి, కాళ్లు చాపి పడుకోగా ఎన్నడూ చూడలేదు. ముందరి కాళ్లు చాపి, తల ఎత్తి, డ్యూటీలో ఉన్న సిపాయిలా కూర్చునేది. నా కర్ర టక్కుమంటే చాలు, లేచి నిలబడేది. నిద్ర గడిలో రోజూ "అరకొర" అనే రాశాను.

తిండి దగ్గరే అసలు చిక్కు వచ్చింది. కోడి మెడలు, అన్నం, గుడ్డు కలిపి స్టీలు పళ్లెంలో వేసి, వంటింటి గడప మీద నిలబడి గరిటెతో పళ్లెం మీద మూడు దెబ్బలు కొట్టేదాన్ని. ఏ కుక్క అయినా ఉరికి రావాలి కదా. ఇది ఆ చప్పుడు వినగానే ఎక్కడున్నా లేచి, నాకు ఎంత దూరం పోగలదో అంత దూరం, గేటు పక్క మూలకు పరుగెత్తేది. అక్కడ నిలబడి నా వైపు తిరిగేది. మా ఇద్దరి మధ్యలో, గోడ పొడుగునా గోంగూర మడి, కరివేప చెట్టు, బొప్పాయి చెట్టు ఉన్నాయి. వాటి వంకే చూసేది. ఒక ముందరి కాలు ఎత్తి పట్టేది. ఒళ్లంతా సన్నగా వణికేది. నేను ఇంకా గట్టిగా కొట్టేదాన్ని. అది ఇంకా బిగుసుకునేది. విసిగి పళ్లెం అక్కడ పెట్టి లోపలికి పోయి కూర్చుంటే, పది పదిహేను నిమిషాలకు నెమ్మదిగా వచ్చి తినేది.

"పిలిచినా రాలేదు. ఆలస్యంగా తిన్నది," అని రాసేదాన్ని. ఇంతకుముందు యజమాని పళ్లెంతో కొట్టి ఉంటాడని, అందుకే చప్పుడుకు భయపడుతోందని అనుకున్నాను. భయం పోవాలంటే చప్పుడు అలవాటు కావాలి. ఇంజక్షన్‌కు భయపడే పిల్లవాడికి సూది రోజూ చూపిస్తే అలవాటయినట్టు. కాబట్టి మానకుండా కొట్టాను.

గోడ అవతల ఇల్లు ఒక దర్జీ ఆమెది. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. పొద్దున్నుంచీ మిషను కుడుతూనే ఉంటుంది, మా లేన్లో సగం చీరలకు ఫాల్స్, పీకో ఆమెవే. ఆమెకు తోడు ఒక తెల్ల పిల్లి. మిషను పక్కన బట్ట ముక్కల బుట్టలో పడుకుంటుంది. ఆరేళ్లుగా ఆ పిల్లికి రెండు పూటలా నేను ఇంత పెరుగన్నం వేసేదాన్ని. కుక్క వచ్చిన రోజు నుంచి, రెండింటికీ పడదని, మానేశాను.

పన్నెండో రోజు పొద్దున ఏడూ పదికి పిల్లి మా గోడ దిగి గోంగూర మళ్లోంచి బయటికి వచ్చింది. కుక్క మూల నుంచి బాణంలా వచ్చింది. అంత వేగం నేను ప్రాణమున్న దానిలో చూడలేదు. పిల్లి బొప్పాయి చెట్టెక్కి బతికింది. నేను ఆలోచించాను. తిండి గంటకు వేటకు పోయిందంటే ఆకలితో ఉందన్నమాట. పదమూడో రోజు నుంచి రెండు పూటలను నాలుగు చేశాను. నాలుగు సార్లు పళ్లెం కొట్టాను.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం ఆరూ అయిదుకు మళ్లీ అదే. ఈసారి అయిదడుగుల గోడ దూకి దర్జీ ఆమె వాకిట్లో పడింది. ఆమె చీపురు పట్టుకుని నిలబడి అరిచింది. "సిస్టరమ్మా! మీ కుక్కను పట్టుకోండి, నా బిల్లి జాన్ పోతది!"

"నీ పిల్లిని మా గోడ ఎందుకు దిగనిస్తున్నవ్?" అన్నాను నేను. ఆ మాట కూడా ఇక్కడ రాయాలి, అన్నాను కాబట్టి.

ముప్పయ్యో రోజు, సోమవారం, పొద్దున ఏడూ అయిదు. పిల్లి మళ్లోంచి బయటపడి, కుక్కను చూసి వెనక్కు తిరిగి, గోడ మీది నుంచి వాళ్ల రేకుల మీదికి దూకింది. రేకు మీద కాలు జారి కిందపడింది. కుక్క నోరు దాన్ని తాకలేదు. కానీ వెనక కాలు విరిగింది. ఎముక కదలకుండా పట్టుకుంటానని నేను చెయ్యి చాస్తే దర్జీ ఆమె పిల్లిని కొంగులో చుట్టుకుంది. ఆటోలో ఆమె వెంట నేనూ పోయాను. ఆమె నా వంక చూడలేదు. సిమెంటు కట్టు వేయించుకుని తిరిగి వచ్చి, గేటు దగ్గర ఆగి చెప్పింది.

"సిస్టరమ్మా, మా అమ్మ పోయినప్పుడు మీరే వచ్చి కూసున్నరు. నేను మరువ. కానీ వచ్చే ఆదివారం నాటికి ఈ కుక్క ఈడ ఉండొద్దు. మున్సిపాలిటీల చెప్పను, నల్గురిల పెట్టను. మీకే చెప్తున్న."

అది న్యాయమైన మాట. తమ్ముడికి ఫోన్ చేశాను.

"నా దగ్గెర ఏం పని ఉందక్కా దానికి, వరి మడిల?" అన్నాడు. "బార్డర్ అవతల ఒకాయన అడుగుతున్నడు. పందుల మీదికి ఇడ్శేతందుకు కుక్కలు కావాల్నట. నలుగురైదుగురు కలిసి పోతరట."

"కుక్కలు వాపసు వస్తయా?"

"కొన్ని వస్తయి," అన్నాడు.

ఆ అయిదారు రోజులు చార్టు ముందేసుకుని కూర్చున్నాను. మూడు దుర్ఘటనలూ తిండి గంటలోనే జరిగాయని ఎర్ర పెన్నుతో గీత గీశాను. నాకు కనబడింది ఆకలి ఒక్కటే. అందుకని తూకం పెంచాను. ముప్పై అయిదో రోజు వరకు పిలుపులు కూడి చూశాను. మొదటి పన్నెండు రోజులు రెండేసి చొప్పున ఇరవై నాలుగు, తర్వాత ఇరవై మూడు రోజులు నాలుగేసి చొప్పున తొంభై రెండు, మొత్తం నూట పదహారు. నూట పదహారు సార్లు పిలిస్తే ఒక్కసారి కూడా రాలేదు. ఇంత మర్యాదగల కుక్క ఈ ఒక్క మాట ఎందుకు వినదు? ఆ ప్రశ్న రాసుకుని పక్కన ఖాళీ వదిలాను.

ఫిబ్రవరి ఆఖరు ఆదివారం పొద్దున ఏడు కాకముందే తమ్ముడు ట్రాలీ ఆటోతో వచ్చాడు. మార్కెట్‌కు ఎవరిదో పసుపు దింపి వచ్చాడట, బండంతా పసుపు వాసన. "ఆఖరి పూట, తిని పోనీ," అన్నాను. పళ్లెం నిండా వేసి గడప మీద నిలబడి, కొట్టాను. కుక్క ఎప్పటిలాగే లేచి మూలకు పరుగెత్తింది. కాలు ఎత్తి నిలబడింది.

తమ్ముడు గేటు దగ్గర తాడు పట్టుకుని ఉన్నవాడు ఆగిపోయాడు. గోంగూర మడి వంక చూశాడు, నా వంక చూశాడు.

"పందులు ఏడున్నయక్కా?"

"ఏం పందులురా?"

"మరి తలె ఎందుకు కొడుతున్నవ్?"

"పళ్లెం కొట్టి అన్నానికి పిలుస్తున్న."

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ గేటు పట్టుకున్నాడు. నేను నవ్వలేదు. "చెప్పి నవ్వు," అన్నాను.

"అక్కా, చెరుకుల పందులు జొచ్చినయనుకో. మేమందరం ఒక దిక్కు నుంచి తలెలు, డబ్బాలు కొట్టుకుంట లోపటికి పోతం. ఇది రెండో దిక్కుకు ఉరికి అక్కడ నిలవడతది. మేం కొడుతున్నంతసేపు జాగ ఇడువొద్దు. సప్పుడుకు బెదిరి ఏది బయటపడితే దాన్ని వాగు దాకా తరమాలె. గంతే దాని నౌకరి. నువ్వు రోజు నౌకరి ఎక్కిస్తున్నవ్ దాన్ని. కొట్టెటోళ్లు ఉన్న దిక్కు వస్తదా అది? చచ్చినా రాదు."

గరిటె నా చేతిలోనే ఉంది. కుక్క భయపడి పోలేదు. తిండి వద్దని పోలేదు. నూట పదహారు సార్లు నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. ఈ పూటతో నూట పదిహేడు.

"మరి అన్నానికి ఎట్ల పిలుస్తుండె ఆయన?" అని అడిగాను.

"ఎవలు పిలుస్తరక్కా కుక్కను? పని అయినంక కావలాయన కట్టె కింద పండవెడుతుండె. కట్టె నేల మీద పడ్డదంటే డ్యూటీ దిగినట్టు. అప్పుడు తనంతల తనే వచ్చి రొట్టె తిని, పక్కకు పండుతుండె." చెబుతూ చెబుతూ వాడి చూపు నా చేతికర్ర మీద పడింది. "నీ చేతిల పొద్దంత కట్టె ఉండె కదనే."

మోకాళ్లు అరిగినదాన్ని. నేల మీదికి వంగడం నాకు చిన్న పని కాదు. గడప పట్టుకుని నెమ్మదిగా కిందికి దిగి మెట్టు మీద కూర్చున్నాను. కర్రను చప్పుడు కాకుండా నేల మీద అడ్డంగా పెట్టి, చెయ్యి తీసేశాను.

కుక్క చూసింది. ఎత్తిన కాలు దించింది. వణుకు ఆగింది. గోంగూర మడి పక్క నుంచి నడిచి వచ్చి, కర్రను ఒకసారి వాసన చూసి, నా ముందరే పళ్లెంలో మూతి పెట్టింది.

గోడ అవతల నుంచి మాట వినబడింది. దర్జీ ఆమె స్టూలు మీద నిలబడి ఉంది, కుక్క బండెక్కడం కళ్లారా చూద్దామని.

"సిస్టరమ్మా, ఆ పళ్లెం సప్పుడు గురించి అన్న ఏం చెప్తుండు?"

చెప్పాను. దాచలేదు. ఆమె గోడ మీద గడ్డం ఆనించి అంతా విన్నది. విని, "మరి నా బిల్లి సంగతి తెలుసా మీకు?" అన్నది. "ఆరేండ్లు మీరు ఆ పళ్లెం కొట్టే కదా దాన్ని పెరుగన్నానికి పిలిచింది. నేను పాలు పోసి ముందట పెట్టినా సరే, మీ పళ్లెం టన్ టన్ అంటే ఇడిసిపెట్టి ఉరుకుతది. చానసార్లు కుక్కను చూసి గోడ మీది నుంచే వాపసు వస్తుండె, మూడుసార్లే దిగింది. నేనేమనుకున్న అంటే, సిస్టరమ్మ కుక్క వచ్చినా మరువలేదు, పిలుస్తనే ఉన్నదని."

ఆ సంగతి నా చార్టులో ఎక్కడా లేదు. పిల్లిని మానేశానని రాసుకున్నాను కానీ, పిల్లికి ఎవరూ చెప్పలేదు. ఒకే దెబ్బకు కుక్కను కాపలా నిలబెట్టి, పిల్లిని దాని ముందరికి పిలిచింది నేనే. "నీ పిల్లిని ఎందుకు దిగనిస్తున్నవ్" అని అడిగింది కూడా నేనే.

"తప్పు నాది," అన్నాను.

"మీదే," అన్నది ఆమె. "మీరు తప్పు ఒప్పుకుంటే నా బిల్లి కాలు అతుకుతదా?"

"అతకదు. అతికే దాకా దాని సేవ నాది. ఈ కుక్కను మాత్రం పందుల మీదికి పంపియ్య. నీకు సమ్మతం లేకుంటే నేనే ఇల్లు మారుత."

"అయ్యో, మీరు మారితే నాకు బీపీ ఎవరు చూస్తరు!" అన్నది ఆమె కోపంగానే. తర్వాత బండి వంక, కుక్క వంక చూసింది. కుక్క పళ్లెం నాకి, కర్ర పక్కన కూర్చుని ఉంది. "కట్టు ఇప్పే దాక చూస్త. మళ్ల ఒక్కసారి గోడ దుంకితే మాత్రం, సిస్టరమ్మా, నేను మాట వినేది లేదు."

తమ్ముడు ఖాళీ బండితో పోయాడు. పోయే ముందు గోడ మీద నాలుగడుగుల ఎత్తు వల కట్టించే పని ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి పళ్లెం కొట్టలేదు. నాలుగు పూటలు మళ్లీ రెండయ్యాయి, పక్కటెముకలు మూడు కనబడుతున్నాయి, నేను చూసి ఊరుకుంటున్నాను. మందపాటి బొంత కుట్టి ఇమ్మంటే దర్జీ ఆమె, "మీ సిపాయికి పరుపులు కూడానా," అని దెప్పుతూనే బట్ట ముక్కలు నింపి కుట్టి ఇచ్చింది. ఆదివారాలు తమ్ముడి చేనుకు తీసుకుపోయి, చుట్టూ ఎవరూ లేనప్పుడు వదులుతాను. గడియారం పెట్టి చూశాను, నిమిషం నలభై సెకండ్లు ఉరుకుతుంది. ఆపైన దానికే వద్దు. నేను నడిపించిన రెండు వేల రెండు వందల అడుగులు దానికి పరుగు కిందికి రాలేదని అప్పుడు తెలిసింది.

పిల్లికి కట్టు విప్పిన రోజు దర్జీ ఆమె దాన్ని బుట్టలో పెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. "చూస్త అన్న కదా, చూపెట్టుండ్రి," అన్నది. కుక్కను తాడుతో గుంజకు కట్టాను. పిల్లి తల ఎత్తింది. కుక్క ఒళ్లు బిగిసింది, కాలు లేచింది. నేను మెట్టు మీద కూర్చుని కర్ర నేల మీద పెట్టాను. కుక్క పిల్లి వంక చూసింది, కర్ర వంక చూసింది. మళ్లీ పిల్లి వంక చూసింది. చాలాసేపే పట్టింది. చివరకు కూర్చుంది.

"ఇప్పుడు పిల్లి బుట్టల నుంచి దుంకి ఉరికితే?" అన్నది ఆమె.

"ఇది కూడా లేస్తది," అన్నాను. "అది దాని కంట్లో ఉన్నది, నేను తియ్యలేను. అందుకే తాడు, అందుకే వల."

అబద్ధం చెప్పి ఉంటే ఆమె నమ్మేది కాదనుకుంటాను. ఆ మాటకు తల ఊపి, బుట్ట మీద మూత వేసింది. "సరే, ఉండనీ. కానీ ఒకటి. నా బిల్లి పొద్దున ఏడింటికి గోడ వంక చూస్త కూసుంటది. ఆమెకేం తెలుసు మీ కథ. పెరుగన్నం మీరే తెచ్చి మా ఇంట్ల పెట్టాలె."

"రెండు పూటలా?"

"మునుపు ఎన్ని పూటలు పెట్టిండ్రు?"

ఇప్పుడు ఏడింటికి పెరుగన్నం గిన్నె పట్టుకుని గేటు మీదుగా చుట్టు తిరిగి వాళ్లింటికి పోతాను. వచ్చాక కుక్కకు పెడతాను. మెట్టు మీద కూర్చుంటాను, కర్ర కింద పెడతాను. మళ్లీ లేవడానికి తలుపు పట్టుకుని కొంతసేపు అవస్థ పడాలి కాబట్టి, అది తినేంతవరకూ అక్కడే ఉంటాను. నోట్‌బుక్కులో ఏడో గడి గీశాను. దానికి "నేను" అని పేరు పెట్టాను. ఇన్నేళ్లు రోగి ఏం చేశాడో రాశాను కానీ, ఆ సమయానికి పక్కనున్న నర్సు ఏం చేస్తోందో రాసే గడి ఏ చార్టులోనూ చూడలేదు.

నిన్న పొద్దున తిన్నాక అది బొంత మీదికి పోలేదు. మెట్టు దగ్గరే, కర్ర పక్కన, ఒక పక్కకు వాలి నాలుగు కాళ్లూ బారుగా చాపింది. నేను కదలలేదు. గోడ అవతల మిషను నడుస్తోంది. దాని పక్కటెముకలు లేచి పడుతుంటే వాచీ చూసి లెక్కపెట్టాను, నిమిషానికి పద్దెనిమిది. నిద్ర గడిలో "గాఢం" అని రాశాను. ఏడో గడిలో, "కర్ర కింద పెట్టాను" అని రాశాను.